బీదర్ జిల్లా మనిషి

మా నాయిన 2021 మే నెలలో కరోనాతో పోయాడు. అప్పటికి ఆయనకు ఎనభై అయిదేళ్లు. పుట్టిన తేదీ రాసి పెట్టుకున్న ఇల్లు కాదు మాది. 1948లో సైన్యం వచ్చి హైదరాబాదును ఇండియాలో కలిపిన పోలీస్ యాక్షన్ నాటికి పన్నెండేళ్లుంటాయని ఆయన చెప్పుకున్న లెక్కే లెక్క. ఆధార్ కార్డు వాళ్లు ఆ లెక్క పట్టుకుని 1936 జనవరి 1 అని వేశారు. పరామర్శకు ఫోన్ చేసిన వాళ్లందరూ దాదాపు ఒకే మాట అన్నారు: "నిండుగ బతికిండు. మునిమనుమలను సుత చూసిండు. ఇంకేం గావాలె?" మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ ఎనభై అయిదు అనే అంకె ఆ నెలలో మాకు ఎన్ని తలుపులు మూసిందో వాళ్లకు తెలియదు. ఆ సంగతి ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలని ఇన్నాళ్లుగా అనుకుంటున్నాను.

నారాయణఖేడ్‌లో మాది అడ్తి దుకాణం. రైతు బస్తాలు తెచ్చి దించుతాడు. కొనేవాడు చూసి ధర కడతాడు. దడ్వాయి కాంటా పెడతాడు. మేం మధ్యన నిలబడి తక్‌పట్టీ రాసి, రైతుకు పైసలు ఇప్పించి, మా కమీషన్ పట్టుకుంటాం. కందులు, పెసలు, మినుములు, జొన్నలు మా సరుకు. తర్వాత్తర్వాత పత్తి, సోయా వచ్చాయి. చెప్పుకోవడానికి ఇంతే పని. ఈ ఇంత పనినే నాయిన అరవై ఏళ్లకు పైగా ఒకే గద్దె మీద కూర్చుని చేశాడు. తెల్ల ధోవతి, తెల్ల అంగీ, పక్కన గల్లాపెట్టె, మోకాలి మీద చిట్టా. కందిగింజ పంటి కింద పెట్టి కొరికి, అయిన చప్పుడును బట్టి తేమ ఎంతో చెప్పేవాడు. సర్కారు కొనుగోలు కేంద్రాలు వచ్చాక వాళ్లు మీటరు పెట్టి 12 శాతం దాటితే వెనక్కి పంపేవాళ్లు. మీటరు తప్పు చెబుతుందని నాయిన వాదించేవాడు. నాయిన తప్పు చెప్పిన రోజులు కూడా నేను చూశాను. ఆ రోజు మాత్రం ఆ రైతుకు కడ్తా (తరుగు) తీయకుండా పట్టీ రాయమనేవాడు, కారణం చెప్పకుండా.

ఎవరైనా కొత్తవాళ్లు ఏ ఊరు మీది అంటే, నారాయణఖేడ్, బీదర్ జిల్లా అనేవాడు. 2016లో సంగారెడ్డి జిల్లా వచ్చాక కూడా అదే మాట. మేం నవ్వేవాళ్లం. ఆయన లెక్కలో అది తప్పు కాదు. ఆయన పుట్టినప్పుడు నారాయణఖేడ్ తాలూకా నిజాం రాజ్యంలోని బీదర్ జిల్లాలోనే ఉండేది. 1956 నవంబర్ 1న ఆ జిల్లాను మూడు ముక్కలు చేశారు. బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. ఉద్గీర్, నీలంగా, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రానికి. మా నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు కొంత భాగం కలిసి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి మెదక్ జిల్లాలో చేరాయి. అప్పటికి నాయినకు ఇరవై ఏళ్లు, పెళ్లయి రెండేళ్లు. ఊరు కదలకుండానే ఆయన నిజాం హైదరాబాదులో, ఇండియాలో కలిసిన హైదరాబాదు రాష్ట్రంలో, ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో కాపురం చేశాడు.

గీత గీశారన్న సంగతి మా వ్యాపారానికి చాలాకాలం పట్టలేదు. చిన్నప్పుడు ఆయన మా తాత వెంట ఎడ్లబండి మీద బస్తాలేసుకుని మంజీర దాటి బీదర్ గంజికి, అంటే ధాన్యం బజారుకు, పోయేవాడు. బీదర్‌కు రైలు నిజాం కాలంలోనే వచ్చింది, మా ఊరికి ఇప్పటికీ రాలేదు. కాబట్టి సరుకు అటే పోయేది, సంబంధాలు కూడా అటే. పెద్దక్కను ఉద్గీర్‌లో ఇచ్చాడు, చిన్నక్కను భాల్కిలో. ఒకరు మహారాష్ట్ర, ఒకరు కర్ణాటక. రైతులతో తెలుగులో, లింగాయత్ సేట్లతో కన్నడంలో, దెగ్లూర్ వైపు నుంచి వచ్చే వాళ్లతో మరాఠీలో మాట్లాడేవాడు. తండాల నుంచి వచ్చే లంబాడీ వాళ్లతో వాళ్ల మాటలోనే, కాస్త వంకరగా. చదువుకున్నది ఉర్దూ కాబట్టి కోపం వస్తే ఉర్దూలో తిట్టేవాడు. పద్దులు మాత్రం తెలుగులో.

ఆయన కాలంలో లెక్క మారినన్ని సార్లు మా కాలంలో మారలేదు. మొదట హాలీ సిక్కా, నిజాం రూపాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలు. అది పోయింది. 1957 ఏప్రిల్ నుంచి అణాలు పోయి నయా పైసలొచ్చాయి. ఆ మరుసటి ఏడు నుంచి సేరు పోయి కిలో రావడం మొదలైంది. ఎనభై తులాల సేరు 933 గ్రాములు. రైతు సేర్లలో అడుగుతాడు, కాంటా కిలోల్లో చూపిస్తుంది, కొనేవాడు క్వింటాల్‌కు ధర చెబుతాడు. ఈ మూడింటినీ నోట కలిపి, తీసి, రైతుకు అర్థమయ్యే అంకె చెప్పడమే ఆ రోజుల్లో అడ్తి సేటు తెలివి. 2016 నవంబర్‌లో అయిదువందలు, వెయ్యి నోట్లు రద్దయినప్పుడు మేమంతా తలలు పట్టుకుంటే, ఎనభై ఏళ్ల మనిషి తాపీగా కూర్చుని "నేను సూసిన సిక్కాలల్ల ఇదెన్నోదిరా" అన్నాడు.

ఇంకో విద్య ఉండేది ఆయనకు, రుమాలు కింద బేరం. బహిరంగ వేలం రాకముందు గంజిలో కొనేవాడు, అమ్మేవాడు చేతులు కలిపి మీద రుమాలు కప్పుకునేవాళ్లు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, పంజా మొత్తం పడితే అయిదు. ఎనిమిదంటే మొదట అయిదు, మళ్లీ మూడు. అవి పదులా వందలా అన్నది సరుకును బట్టి ఇద్దరికీ తెలిసే ఉంటుంది. చుట్టూ నలుగురు నిలబడ్డా ధర ఎవరికీ తెలియదు. రైతుకు కూడా తెలియదు కాబట్టే అందులో మోసం చాలా జరిగేదని, మార్కెట్ చట్టాలు దాన్ని ఆపడం మంచిదేనని నాయిన ఒప్పుకునేవాడు. మాకు చిన్నప్పుడు ఆటలాగా నేర్పాడు. ఎండాకాలం సెలవుల్లో మామిడిపండ్లు అలాగే పంచుకునేవాళ్లం.

పోలీస్ యాక్షన్ గురించి మాత్రం నోరు విప్పేవాడు కాదు. 1948 సెప్టెంబర్ తర్వాత మా బీదర్ జిల్లాలో ఏం జరిగిందో నేను పుస్తకాల్లోనే తెలుసుకున్నాను. ముస్లింల మీద జరిగిన హింసలో అన్నిటికంటే ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాల్లో బీదర్ ఒకటని సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనం కంట పడనివ్వలేదు. "అప్పుడేం చూసినవ్ నాయినా" అని అడిగితే, "దుకాణం మూసినం, తెరిసినం" అనేవాడు. అంతకు మించి రాలేదు. రప్పించాలని నేనూ గట్టిగా ప్రయత్నించలేదు.

ఆయన్ని మహాత్ముణ్ని చేయడం నాకిష్టం లేదు. మిత్తికి, అంటే వడ్డీకి, ఇచ్చేవాడు. పైసా వదిలేవాడు కాదు. కరువు ఏళ్లలో, ముఖ్యంగా 1972లో, ఉద్దెర ఆపలేదన్నది నిజం. ఆ ఉద్దెర మీద మిత్తి ఆపలేదన్నదీ నిజమే. భూమి మాత్రం ఎవరిదీ రాయించుకోలేదు. "కోమటోనికి భూమెందుకు, దున్నొస్తదా" అనేవాడు. దయ వల్లనా, లెక్క వల్లనా అంటే నేను చెప్పలేను, రెండూ కలిసి ఉండొచ్చు. దీపావళి పోయాక తండాలు తండాలే చెరుకు కొట్టడానికి కర్ణాటకకో మహారాష్ట్రకో పోయేవి. పోయేముందు ఇత్తడి బిందెలు, గిన్నెలు మా దుకాణం వెనక గదిలో పెట్టి పోయేవాళ్లు. వాటికి కిరాయి లేదు, చీటీ లేదు. ఆ గది తాళంచెవి అమ్మకు కూడా ఇచ్చేవాడు కాదు.

ఇంట్లో మమ్మల్ని ఎన్నడూ మెచ్చుకోలేదు. నేను డిగ్రీ పాసయ్యానని చెబితే, "మంచిది, రేపు పొద్దున బస్తాలొస్తయి, జల్ది రా" అన్నాడు. కానీ అయిదుగురం పిల్లల్లో ఎవరి ఒంట్లో బాగాలేకపోయినా రాత్రంతా మంచం పక్క బల్ల మీద కూర్చునేవాడు. మాట్లాడడు, మందు వేయడు, ఊరికే కూర్చుంటాడు. పొద్దున దుకాణానికి పోతాడు. అమ్మ మంచాన పడ్డ ఆరు నెలలూ అలాగే కూర్చున్నాడు.

2021 మార్చిలో అరవై దాటిన వాళ్లకు టీకాలు మొదలైతే, ఇస్త్రీ ధోవతి కట్టుకుని పోయి మొదటి డోసు వేయించుకున్నాడు. రెండో డోసుకు గడువు మొదట కొన్ని వారాలన్నారు, తర్వాత పొడిగించారు. మే 13న పన్నెండు నుంచి పదహారు వారాలు చేశారన్న వార్త వచ్చేసరికి ఆయనకు జ్వరం.

ఎవరి నుంచి అంటుకుందో చెప్పలేం. అప్పటికి వాడలో సగం ఇళ్లలో ఉంది. రాపిడ్ కిట్‌లో పాజిటివ్ వచ్చింది. మా ఆర్‌ఎంపీ డాక్టరు, ఇరవై ఏళ్లుగా మా ఇంటికి వస్తున్న మనిషి, గడప బయట నిలబడి మాత్రలు రాసిచ్చి, ఆక్సిమీటరు కొనుక్కోమన్నాడు. ఊళ్లో దొరకలేదు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు మామూలు రోజుల్లో వెయ్యి రూపాయలుండే దాన్ని మూడింతలు పెట్టి కొని, మందుల బండి వాళ్ల చేతికిచ్చి పంపాడు. వేలికి పెట్టగానే 93. మర్నాడు 91. ఆ తర్వాత 88. కుర్చీలో నిటారుగా కూర్చున్న మనిషి, మామూలుగానే మాట్లాడుతున్నాడు, చాయ్ అడుగుతున్నాడు. అంకె మాత్రం దిగిపోతోంది. ఆ జబ్బులో నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే. మనిషికి తెలియకుండా లోపల గాలి తగ్గిపోతుంటుంది.

ఫోన్లు మొదలుపెట్టాం. నేను, అన్న, తమ్ముడు, అల్లుళ్లు. సంగారెడ్డి, హైదరాబాద్, ఎక్కడ ఎవరు తెలిసిన వాళ్లుంటే అక్కడికి. అవతల ఎత్తిన వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. మొదటి ప్రశ్న "సాచురేషన్ ఎంతుంది?" రెండోది "వయసెంత?" ఎనభై అయిదు అనగానే కాసేపు ఏమీ వినపడేది కాదు. తర్వాత "ఆక్సిజన్ బెడ్ ఖాళీ అయితే చెబుతాం" అనేవాళ్లు. ఒకామె మాత్రం సూటిగా చెప్పింది: "సార్, మా దగ్గర ముప్ఫై అయిదేళ్ల వాళ్లు వరండాలో ఉన్నారు. మీరే చెప్పండి." ఆమెకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఇప్పటికీ తోచదు.

అన్న ఫోన్ చేతిలోకి తీసుకుని, "డెబ్బై అని చెప్పుదాం" అన్నాడు. పక్కగదిలో నుంచి నాయినకు వినపడింది. "తక్కువ తూకం చెప్పకురా" అన్నాడు. అన్నకు ఒక్కసారిగా కోపం వచ్చింది. "ఇది కాంటా కాదు నాయినా!" అని అరిచి, బయటికి పోయి ఏడ్చాడు. నేనైతే అన్న పక్షమే. ఒక బెడ్ కోసం ఆ అబద్ధం చెప్పడానికి నాకేమీ అభ్యంతరం లేకపోయింది. చెప్పాం కూడా. ఆధార్ ఫొటో పంపమన్నారు.

చివరికి బీదర్ అనుకున్నాం. మాకు ఎప్పటి నుంచో పెద్ద రోగానికి బీదరే, యాభై కిలోమీటర్ల దూరం. భాల్కి బావ అక్కడ ఒక డాక్టరుతో మాట్లాడి స్కానింగ్‌కు సమయం తీసుకున్నాడు. మాకు తెలంగాణలో మే 12 నుంచి లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకా సడలింపు. కర్ణాటకలో అంతకు ముందే, మే 10 నుంచి. కారు వెనక సీటులో నాయినను చిన్న సిలిండరుతో కూర్చోబెట్టుకుని తెల్లవారుజామున బయలుదేరాం. ఆ సిలిండరు పదిహేను వందల లీటర్లది. నిమిషానికి అయిదు లీటర్ల చొప్పున అయిదు గంటలు వస్తుంది. పోను, రాను, అక్కడ ఆగను, మొత్తం అయిదు గంటల్లో ముగించాలి.

సరిహద్దు దగ్గర రోడ్డుకు అడ్డంగా ఇనుప కంచెలు పెట్టి ఉన్నాయి. మా ఇంట్లో ఆ రోడ్డు మీద పోనివాళ్లు లేరు. పెళ్లిళ్లకు, సావులకు, బస్తాలకు, సినిమాలకు కూడా. అక్కడ గీత ఉందన్న సంగతి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఆ పొద్దు లారీలు బారులు తీరి ఉన్నాయి, ఎవరి కాయితాలు వాళ్లు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. మా దగ్గర పాజిటివ్ చీటీ, ఆర్‌ఎంపీ రాసిన కాయితం ఉన్నాయి. అక్కడున్న కుర్రాడు కారులోకి తొంగిచూసి, "ఎల్లింద బందిరి?" అని కన్నడంలో అడిగాడు, ఎక్కడి నుంచి వచ్చారని. మాస్కు కింద నుంచి నాయినే జవాబిచ్చాడు, కన్నడంలోనే, మాది బీదర్ జిల్లానే అని. ఆ కుర్రాడికి అర్థం కాలేదు, కారు నంబరు వైపు చూశాడు. నేను దిగి వివరం చెప్పుకున్నాను. పాపం, అతను ఇబ్బంది పెట్టలేదు. కానీ అక్కడ పోయిన సమయం మా సిలిండరులో నుంచే పోయింది.

స్కానింగ్‌లో ఊపిరితిత్తుల్లో జబ్బు తీవ్రత ఇరవై అయిదుకు పదిహేడు వచ్చింది. డాక్టరు నాయిన కంటే ఓ ఇరవై ఏళ్లు చిన్న. ఫిల్ము చూసి, మమ్మల్ని పక్కకు పిలిచి మాట్లాడాడు. బెడ్ లేదన్నాడు. ఉన్నా వెంటిలేటరు దాకా పోతే ఈ వయసులో తిరిగి రావడం కష్టమన్నాడు. "ఇంటికి తీసుకుపోండి. పెద్ద సిలిండరు పెట్టండి. స్టెరాయిడ్ వాడండి, షుగర్ చూసుకోండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తొంభై పైన ఉండేలా చూడండి." ఫీజు తీసుకోలేదు. నాకు ఆయన మీద కోపం రాలేదు, కృతజ్ఞతా రాలేదు. మెట్లు దిగుతుంటే భాల్కి అక్క రోడ్డుకు అవతల మాస్కు కట్టుకుని నిలబడి ఉంది. దగ్గరికి రావద్దని చెయ్యి ఊపాం. నాయిన కారు అద్దం దించమన్నాడు. అక్క అక్కడి నుంచే "నాయినా, తిన్నవా?" అని అడిగింది. తిన్నానన్నట్టు తలూపాడు. తినలేదు.

పెద్ద సిలిండరు దొరకడం ఇంకో కథ. ఏడు వేల లీటర్లది. తమ్ముడు పటాన్‌చెరు వైపు ఒక గ్యాసు నింపే చోట వరుసలో నిలబడి సంపాదించాడు. మామూలు రోజుల్లో వెల్డింగు షాపులు వాడుకునే రకం గొట్టం. రాత్రికి ట్రాలీ ఆటోలో మా వాకిట్లోకి వచ్చింది. నాయిన గది పై అంతస్తులో ఉంది, మెట్లు ఇరుకు. అంత బరువున్న ఇనుమును పైకి ఎక్కించేది ఎవరు? కరోనా ఉన్న ఇల్లు అది. చుట్టాలే గడప తొక్కడం లేదు.

మా హమాలీలకు ఎవరు చెప్పారో తెలియదు, నలుగురు వచ్చారు. మూతులకు రుమాళ్లు కట్టుకున్నారు. వాళ్లలో పెద్దాయన మా దుకాణంలో ముప్ఫై ఏళ్లుగా బస్తాలు మోస్తున్నాడు. నూరు కిలోల బస్తాల కాలం నుంచి ఉన్నవాడు. సిలిండరు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు, భుజం మీదికి గోనెసంచి మడిచి వేసుకున్నాడు, కింద ఇద్దరు లేపితే మీదికి తీసుకున్నాడు. ఒక్కో మెట్టుకు ఆగి, గోడకు ఆనుకుంటూ ఎక్కాడు. పైన దించేటప్పుడు చప్పుడు కాలేదు. మంచం మీది నుంచి నాయిన చూస్తున్నాడు. మాస్కు పక్కకు తీసి, "కాంటా మీద పెట్టిండ్రా?" అన్నాడు. పెద్దాయన "మీ తూకం కంటే ఎక్కువే ఉంది సేటూ" అన్నాడు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. మర్నాడు పంపితే తీసుకున్నాడు. సరిగ్గానే చేశాడు. పని పనే కదా.

ఆ సిలిండరు వాడకం నేనే నేర్చుకున్నాను. మీద పానాతో తిప్పే నాబు. దానికి బిగించిన మీటరులో చిన్న తెల్ల గుండు నిమిషానికి ఎన్ని లీటర్లు పోతున్నాయో చూపిస్తూ పైకీ కిందికీ ఆడుతుంది. కింద ఒక ప్లాస్టిక్ సీసా, అందులో నీళ్లు, గాలి ఆ నీళ్లలో నుంచి బుడబుడమంటూ పైకి వస్తుంది. ఆ బుడబుడ వినపడినంత సేపు పరవాలేదు. గోడకు ఒక కాయితం అంటించి లెక్క రాశాను. అయిదు లీటర్లయితే ఇరవై మూడు గంటలు. ఎనిమిదయితే పద్నాలుగున్నర. పదయితే పన్నెండు కూడా రావు. పటాన్‌చెరు పోయి, వరుసలో నిలబడి, నింపుకుని రావడానికి దాదాపు రోజంతా పడుతోంది. రెండో సిలిండరు దొరికేదాకా ఈ ఒక్కటే. గుండు పైకి జరిపితే ఈ రాత్రి బాగుంటుంది, రేపటికి గాలి ఉండదు. కిందికి జరిపితే రేపటికి ఉంటుంది, ఈ రాత్రి గడవదు. జీవితమంతా సరుకు నిల్వ లెక్కలు చూసిన మనిషి ఆ కాయితాన్ని మంచం మీద నుంచి చదువుతూనే ఉన్నాడు.

ఆ రాత్రే మాట ఆగిపోయింది. మాస్కు తీస్తే పడిపోతున్నాడు, మాస్కు ఉంటే మాట వినపడదు. నేను రెండు మాస్కులు, చేతికి తొడుగులు వేసుకుని పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఏ వేళప్పుడో నా చెయ్యి దుప్పటి కిందికి లాక్కున్నాడు. చలిగా ఉందేమో అనుకున్నాను. కాదు, అరచెయ్యి తెరిచి పెట్టి ఎదురుచూస్తున్నాడు. ధర చెప్పమంటున్నాడని అర్థమవడానికి కొంతసేపు పట్టింది. ఆక్సిమీటరు చూశాను, 84. ఆయన పంజా మొత్తం పట్టుకుని వదిలాను, మళ్లీ మూడు వేళ్లు పట్టుకున్నాను. ఎనిమిది. తర్వాత నాలుగు వేళ్లు.

కళ్లు మూసుకుని ఆలోచించాడు. తర్వాత నా చెయ్యి పట్టాడు. అయిదు, నాలుగు. తొమ్మిది. డాక్టరు తొంభై పైన ఉండాలన్న మాట ఆయన విన్నాడు. ఎనభై నాలుగుకు ఒప్పుకోనంటున్నాడు, తొంభై కావాలంటున్నాడు. నేను గుండును అయిదు నుంచి ఎనిమిదికి జరిపాను. కాసేపటికి 89 అయింది. చెప్పాను. ఇంకా బేరం ఆడాడు. పదికి జరిపితే 91. అప్పుడు రెండు వేళ్లు పట్టుకుని గట్టిగా నొక్కి వదిలేశాడు. గంజిలో బేరం కుదిరితే అలా నొక్కుతారు.

తెల్లవారుజామున మళ్లీ చెయ్యి అడిగాడు. ఈసారి ఆయనే నా వేళ్లు పట్టాడు. అయిదు, ఒకటి. ఆరు. నేను ఆక్సిమీటరు వైపు చూశాను, అందులో ఆరు లేదు. పిల్లలా, టైమా అనుకున్నాను. మళ్లీ పట్టాడు, ఆరు. కందుల గురించేమో అన్నది తర్వాత తట్టింది. ఆ ఏడు సర్కారు మద్దతు ధర క్వింటాల్‌కు ఆరు వేలు. వెనక గదిలో మా కందులు ఇంకా నలభై బస్తాలున్నాయి, బయట ధర అంతకంటే పైనే నడుస్తోంది. అమ్మెయ్యమన్నాడో, ఆరు కంటే కిందికి ఇవ్వొద్దన్నాడో ఇప్పటికీ మేం అన్నదమ్ములం ఒప్పుకోం. అన్న "అమ్ము" అంటాడు. నేను "ఆపు" అంటాను.

ఆ మధ్యాహ్నం పోయాడు. రెండో సిలిండరుతో తమ్ముడు జోగిపేట దాటాడు. మొదటిదాంట్లో ఇంకా కొంత ఉంది. గాలి చాలక పోలేదు. ఈ ముక్క నేను తమ్ముడికి చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది.

మా దగ్గర వ్యాపారి పోతే ఆ రోజు బజారు బంద్ చేస్తారు. ఎవరూ చెప్పనక్కర్లేదు, షట్టర్లు దిగుతాయి. మార్కెట్‌లో కాంటాలు ఆగుతాయి. నాయిన ఎందరి కోసమో అలా దుకాణం మూసి, శవం వెంట నడిచాడు. ఆయన పోయిన నాడు మూయడానికి తెరిచి ఉన్న దుకాణం ఒక్కటి లేదు. పది గంటలకే సర్కారు మూయించింది. అంత్యక్రియలకు ఇరవై మందే అన్నారు. ఆ ఇరవై పేర్లు రాయడానికి కూర్చుంటే, కొడుకులం, మనుమలు, మోసేవాళ్లు, పంతులు అయ్యేసరికే కాయితం నిండింది. ఇన్ని భాషల్లో బేరాలాడిన మనిషికి చివరికి ఒక్క భాష వాళ్లే మిగిలారు. చిన్నక్క భాల్కిలో, పెద్దక్క ఉద్గీర్‌లో ఉండిపోయారు. పెద్దక్కకు వీడియోలో చూపించాం. సిగ్నల్ నిలవక, నిప్పు పెట్టే వేళకు ఆమె మొహం తెర మీద ఆగిపోయింది. తర్వాత ఆమె ఏం చూసిందో, ఏం చూడలేదో మేం అడగలేదు. దినాలు ఇంటివరకే చేశాం.

లాక్‌డౌన్ జూన్ 20న ఎత్తేశాక దుకాణం తెరిచాను. బాకీల చిట్టా తీస్తే అందులో సగం నాయిన గుర్తులు. పేర్ల బదులు "గుట్ట కింద బావి", "ఎర్ర ఎద్దులు", "అల్లుడు దుబాయ్" అని రాసుకున్నాడు. ఎవరు ఎవరో మాకు తెలియదు. కొందరు వచ్చి కట్టారు. కొందరు రాలేదు, నేనూ వెతకలేదు. వెతకలేక. ఇప్పుడు మా అన్న కొడుకు అంతా కంప్యూటర్‌లో పెట్టాడు, ఎర్ర ఎద్దులతో సహా.

ఆ ఏడాది చివర్లో కోవిడ్‌తో పోయినవాళ్ల కుటుంబాలకు యాభై వేల రూపాయలు ఇస్తామన్నారు, మీసేవలో దరఖాస్తు చేసుకోమన్నారు. ఇంట్లో గొడవ మొదలైంది. తమ్ముడు వద్దన్నాడు, నాయిన ప్రాణానికి ధర కట్టినట్టుంటుందని. అన్న, రావలసింది వదలడం నాయిన ఎన్నడూ చేయలేదన్నాడు. రాపిడ్ కిట్ చీటీ, స్కానింగ్ ఫిల్ము, మరణ ధ్రువీకరణ పత్రం పెట్టి దరఖాస్తు చేశాం. చీటీలో వయసు ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉందని ఒకసారి తిప్పి పంపారు. సరిచేసి మళ్లీ ఇచ్చాం. కొన్ని నెలలకు డబ్బు పడింది. అయిదుగురం తలా పదివేలు అనుకున్నాం. ఉద్గీర్ అక్కకు ఫోన్ చేసి, నీ వంతు పంపిస్తున్నానని చెప్పాను.

"ఎప్పుడు రావలసినవి, ఎప్పుడు వచ్చినై?" అని అడిగింది.

చెప్పాను.

"మరి మిత్తి?" అన్నది అక్క. "నాయినుంటే అడిగేటోడు."